తలకట్టు లేని అధ్యాయాలు

సిద్ధాంత గ్రంథం రాయడం ఒక ఎత్తు, దానికి విషయసూచిక కూర్చడం ఒక ఎత్తు. మా పరిశోధక విద్యార్థులు మొదటిది ఎలాగో ఎక్కి రెండోదాని దగ్గర చతికిలబడుతూ ఉంటారు.

మొన్న వేసవిలో ఒక అమ్మాయి 300 పుటల గ్రంథం పట్టుకుని వచ్చింది. సమర్పణకు 4 రోజులే గడువు. మూడో అధ్యాయం రెండోదానికి ముందు రావాలని పర్యవేక్షకులు సెలవిచ్చారట. "పుటల సంఖ్యలన్నీ మళ్ళీ చేత్తో దిద్దాలా, మాస్టారూ?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

చూడడానికి శీర్షికలు నిండుగానే ఉన్నాయి. లావు అక్షరాలు, 16 సైజు, పంక్తికి నడిమధ్య. కాని మన కంటికి శీర్షిక అయినదల్లా వర్డ్‌కు శీర్షిక కాదు. ఒళ్ళు లావెక్కినంత మాత్రాన పెద్దరికం రాదు కదా! 'హెడింగ్ 1' అనే స్టయిల్ ఇస్తేనే అది అధ్యాయం పేరని దానికి తెలుస్తుంది. అప్పుడే పక్కనుండే నావిగేషన్ పేన్‌లోకి ఆ పేరు ఎక్కుతుంది.

ఇందుకు 300 పుటలూ గాలించనక్కరలేదు. ఒక శీర్షికలో కర్సర్ ఉంచి, హోమ్‌లోని 'సెలెక్ట్' కింద 'సెలెక్ట్ టెక్స్ట్ విత్ సిమిలర్ ఫార్మాటింగ్' అన్నది నొక్కితే అదే వేషంలో ఉన్నవన్నీ ఒక్కసారే పట్టుబడతాయి. వెంటనే కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కాలి. ఉపశీర్షికలకైతే 2. టైపు చేసినవారు ఎక్కడైనా 16 బదులు 15 పెట్టి ఉంటే మాత్రం అది తప్పించుకుంటుంది. దాన్ని విడిగా పట్టుకోవాలి.

ఆ తర్వాత పేన్‌లో అధ్యాయం పేరు పట్టుకుని పైకి లాగండి. పేరు వెంట అధ్యాయమంతా కదిలి వస్తుంది! సూచికను 'రెఫరెన్సెస్' నుంచి పెట్టుకుంటే చాలు. మార్పు జరిగినప్పుడల్లా దానిమీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కాలి. సంఖ్యలు మాత్రమేనా, మొత్తం పట్టికా అని అడిగితే మొత్తం అనండి. ఆ అమ్మాయికి పట్టిన వ్యవధి ఒక్క సాయంత్రం.

పేన్‌లో ఖాళీ వరుస కనబడితే ఎక్కడో ఖాళీ పంక్తికి హెడింగ్ స్టయిల్ అంటుకున్నదన్నమాట. పేరా పేరాయే వచ్చి కూర్చుంటే కారణం అదే. కర్సర్ అక్కడ ఉంచి 'నార్మల్' ఇస్తే దిగిపోతుంది.

ఇక అలంకార ప్రియులకు ఒక మాట. అధ్యాయం పేరును అందం కోసం టెక్స్ట్ బాక్సులోనో టేబుల్ గడిలోనో బిగిస్తే, ఎంత సరైన స్టయిల్ ఇచ్చినా పేన్‌లో కనిపించదు. దాన్ని మామూలు పేరాగా బయటికి తీసి, చుట్టూ గీతలు కావాలంటే ఆ పేరాకే బోర్డర్ ఇవ్వండి.