మిరప పూతలో నల్ల తామర పురుగు: శాస్త్రశాఖల సమన్వయ పరిశోధనకు ఒక పాఠం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని జూలూరుపాడు మండలం, ఖమ్మం వైపు సాగుభూములు అడవి అంచును తాకే ప్రాంతంలో ఉన్నది. పత్తి, మిరప, మొక్కజొన్న, వరి ఇక్కడి ముఖ్యమైన పంటలు. ఈ ప్రాంతపు మిరపకు ఖమ్మం మార్కెట్టే ప్రధాన ఆధారం. 2021 చివరి నెలలలో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను నల్ల తామర పురుగు ఉధృతంగా ఆశించినపుడు ఉమ్మడి ఖమ్మం జిల్లా కూడా తీవ్రంగా నష్టపోయింది. పూత రాలిపోయి కాయ నిలువక, ఎందరో రైతులు తోటలను పీకివేయడమో దున్నివేయడమో చేయవలసి వచ్చింది. అప్పటికే నారు, ఎరువులు, కూలీలు, కౌలుపై పెట్టిన పెట్టుబడి మట్టిపాలైంది.

ఈ సమస్యను ఏ ఒక్క శాస్త్రశాఖ కూడా తనంతట తాను పరిష్కరించగలిగేది కాదు. సాంకేతిక, వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో అంతరశాస్త్రీయ పరిశోధన ఎలా ఉండాలో వివరించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

పురుగును గుర్తించడం: వర్గీకరణ శాస్త్రం, జన్యుశాస్త్రం

మిరప రైతుకు తామర పురుగు కొత్తది కాదు. చిరకాలంగా తెలిసిన తామర పురుగు (సిర్టోత్రిప్స్ డార్సాలిస్) ప్రధానంగా లేత ఆకులను గీరి రసం పీల్చుతుంది. ఆకుల అంచులు పైకి ముడుచుకొంటాయి. దీనినే రైతులు పై ముడత అంటారు. 2021లో ఉధృతంగా కనిపించిన త్రిప్స్ పార్విస్పైనస్ ఆకుల అడుగు భాగాన్ని ఆశించినప్పటికీ, గుంపులుగా చేరేది పూలలోనే. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశంలో మొదటిసారి 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయిపై గుర్తించారు.

సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగును కంటితో చూసి జాతి నిర్ణయించడం కష్టం. పైగా ఈ జాతిలో ఆడ పురుగులు ముదురు గోధుమ లేదా నలుపు రంగులోను, మగ పురుగులు పసుపు రంగులోను ఉంటాయి. అందువలన సూక్ష్మదర్శినితో శరీర లక్షణాలను పరిశీలించడంతో పాటు మైటోకాండ్రియా జన్యుభాగపు క్రమాన్ని పోల్చి చూడడం అవసరమైంది. గుర్తింపు తప్పితే యాజమాన్యమంతా తప్పుతుంది.

మందులు ఎందుకు పనిచేయలేదు: కీటక, మృత్తిక, వాతావరణ శాస్త్రాలు

అనేకసార్లు పిచికారీ చేసినా ఉధృతి తగ్గలేదన్నది రైతుల ప్రధాన ఆవేదన. దీనికి కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. మిరప పువ్వు సాధారణంగా కిందికి వంగి ఉంటుంది. దాని లోపల దాగిన పురుగును పైనుండి పడే మందు తుంపరలు సులభంగా చేరవు. పురుగు కోశస్థ దశ ఎక్కువగా నేలలోనో రాలిన ఆకుల మధ్యనో గడుస్తుంది. కనుక మొక్కపై చల్లిన మందు ఆ దశను తాకదు. అనుకూల పరిస్థితులలో గుడ్డు నుండి తల్లి పురుగు దశకు సుమారు రెండు వారాలే పడుతుంది. నియంత్రణ లేకుండా పదేపదే చల్లిన మందులు ఓరియస్ నల్లులు, పరభక్షక నల్లుల వంటి మిత్రజీవులను నశింపజేసి పురుగు విజృంభణకు దారితీస్తాయి.

ఈ కారణాలన్నింటినీ కలిపి చూసినపుడే సమగ్ర యాజమాన్యం రూపుదిద్దుకొంటుంది. నీలి రంగు జిగురు అట్టలు, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు, నేలలో వేపపిండి, మల్చింగు, నత్రజని మోతాదులో మితం, బవేరియా బాసియానా వంటి జీవ శిలీంధ్రాలు, సింథటిక్ పైరిత్రాయిడ్లకు దూరంగా ఉండడం, ఒకే మందును మళ్లీమళ్లీ వాడకపోవడం ఇందులోని అంశాలు. ఒక్కొక్క అంశం ఒక్కొక్క శాస్త్రం నుండి వచ్చింది. రైతుకు మాత్రం అవన్నీ కలిసి ఒకే సలహాగా అందాలి.

రైతు నిర్ణయం: ఆర్థిక, సామాజిక శాస్త్రాలు

కౌలు ముందుగానే చెల్లించిన రైతుకు వేచి చూసే అవకాశం తక్కువ. పురుగు కనబడిన రోజే ఏదో ఒకటి చల్లాలన్న ఆందోళన సహజం. పెట్టుబడి అప్పు ఇచ్చినవారే మందు కూడా అమ్మే చోట సలహాకు, అమ్మకానికి మధ్య గీత చెరిగిపోతుంది. నష్ట పరిమితి స్థాయిని కీటక శాస్త్రం నిర్ణయించగలదు. ఆ స్థాయి వరకు రైతు ఆగగలడా లేదా అన్నది ఆర్థిక శాస్త్రం, విస్తరణ శాస్త్రం కలిసి అధ్యయనం చేయవలసిన ప్రశ్న. కోయ, లంబాడా రైతులు గణనీయంగా ఉన్న ఈ ప్రాంతంలో సలహా ఏ భాషలో, ఎవరి నోట వినబడుతున్నదన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

యంత్రం, సమాచారం: ఇంజనీరింగు పాత్ర

డ్రోన్లతో పురుగుమందుల పిచికారీకి కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో ప్రామాణిక విధానాలను విడుదల చేసింది. చేతి పంపుతో ఎకరాకు 150 నుండి 200 లీటర్ల నీరు అవసరమైన చోట డ్రోనుకు సుమారు 10 లీటర్లు సరిపోతుంది. అయితే వంగిన పువ్వు లోపలికి తుంపర చేరుతుందా? రెక్కల గాలి ఆకులను ఎంత కదిలిస్తుంది? తుంపర పరిమాణం ఎంత ఉండాలి? పువ్వు నిర్మాణం తెలియని ఇంజనీరు గాని, తుంపరల గతిశాస్త్రం తెలియని కీటక శాస్త్రవేత్త గాని ఈ ప్రశ్నలకు ఒంటరిగా సమాధానం చెప్పలేరు. వ్యవసాయ విశ్వవిద్యాలయపు వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల, మానవరహిత వాహనాలపై పనిచేసే తిహాన్ కేంద్రమున్న హైదరాబాద్ ఐఐటీ రెండూ సంగారెడ్డి జిల్లా కందిలోనే ఉన్నాయి. ఇటువంటి సామీప్యాన్ని ఉమ్మడి ప్రయోగాలుగా మలచుకోవచ్చును.

సమాచార సాంకేతికతకు ఖమ్మం జిల్లాలోనే ఉదాహరణ ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక చేపట్టిన 'సాగు బాగు' కార్యక్రమాన్ని 2022 నుండి డిజిటల్ గ్రీన్ సంస్థ సుమారు 7,000 మంది మిరప రైతులతో అమలుపరచింది. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గాయని కార్యక్రమ ఫలితాలు పేర్కొన్నాయి. మిరప వంటి పంటలో దిగుబడి ఏటేటా ఎంతో మారుతుంది. వాతావరణం, పురుగు ఉధృతిలోని మార్పు వలన కలిగినదెంత, సలహా వలన కలిగినదెంత అని విడదీయడానికి గణాంక శాస్త్రవేత్త మొదటి రోజు నుండే బృందంలో ఉండాలి.

పరిశోధనా విధానంలో రావలసిన మార్పు

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. 1957లో మొక్కజొన్నతో ఆరంభమైన అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకం వేర్వేరు శాఖల శాస్త్రవేత్తలను ఒకే పంట చుట్టూ చేర్చింది. అయితే పలు శాఖలు పక్కపక్కన పనిచేసి చివరలో నివేదికలను కలిపి కుట్టడం బహుశాస్త్ర పరిశోధన మాత్రమే. ప్రశ్నను మొదటే కలిసి రూపొందించడం అంతరశాస్త్రీయ పరిశోధన. ఈ దిశగా కొన్ని సూచనలు:

1. పరిశోధనాంశాన్ని రైతు పొలంలో, అన్ని శాఖల సమక్షంలో నిర్ణయించాలి.
2. అన్ని శాఖలు ఒకే క్షేత్రంలో, ఒకే తేదీలలో వివరాలు నమోదు చేయాలి. నాటిన తేదీ, ప్రతి పిచికారీ, వర్షపాతం, తెల్లకాగితంపై పూలను తట్టి లెక్కించిన పురుగుల సంఖ్య ఒకే పుస్తకంలో ఉండాలి.
3. స్నాతకోత్తర విద్యార్థికి మరొక శాఖ నుండి సహ మార్గదర్శకుని నియమించి, ఆ పనికి మూల్యాంకనంలో సమాన గుర్తింపు ఇవ్వాలి.
4. కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలను ప్రయోగం ముగిసిన తరువాత కాక, రూపకల్పన దశలోనే భాగస్వాములను చేయాలి.
5. విఫలమైన ప్రయోగాల వివరాలను కూడా ప్రచురించాలి. వాటిని దాచితే ఆ ఖర్చును రైతు మళ్లీ భరించవలసి వస్తుంది.

ముగింపు

జూలూరుపాడు ప్రాంతంలోని రైతు పొలంలో పురుగు, నేల, వాన, అప్పు, మార్కెట్టు ధర ఒకేసారి ఉంటాయి. అక్కడ శాస్త్రశాఖల మధ్య గోడలు లేవు; అవి ఉన్నవి మన భవనాలలోనే. విస్తరణ శాస్త్రవేత్త రోజూ ఈ రెండింటి మధ్య తిరుగుతాడు. పొలంలో విన్న ప్రశ్నను విడగొట్టకుండా విశ్వవిద్యాలయానికి చేర్చగలిగితే, మరొక కొత్త పురుగు వచ్చిననాడు రైతు తోట పీకివేయకముందే సమాధానం అందించగలుగుతాము.