వయసు మళ్ళాక గుండె కవాటం మార్పించుకోవచ్చా?

"డెబ్బయ్యేళ్ళు దాటాయి, ఈ వయసులో ఇంకా గుండె ఆపరేషన్ ఎందుకండీ?" అని అడగని కుటుంబం లేదు. ఈ ప్రశ్న అడిగేది సాధారణంగా రోగి కాదు, పక్కన నిలబడ్డ కొడుకో అల్లుడో. రోగి నేలచూపులు చూస్తూ కూర్చుని ఉంటాడు.

గుండెలో నాలుగు కవాటాలున్నాయి. నెత్తురు పోవలసిన వైపుకే పోయేట్టు, వెనక్కి మళ్ళకుండా చూసే తలుపులివి. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. వయసు మీరినవారిలో ఎక్కువగా చెడేది అయోర్టిక్ వాల్వ్, అంటే గుండె నుంచి ఒంటికంతటికీ నెత్తురు పంపే పెద్ద ధమని మొదట్లో ఉన్న తలుపు. దాని రేకులకు సున్నం పట్టి గట్టిపడతాయి. మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లుండే దారి ఒకటికన్నా తక్కువకు కుంచించుకుపోతే జబ్బు ముదిరిందన్నమాట. చిన్నతనంలో కీళ్ళవాతపు జ్వరం వచ్చి మైట్రల్ వాల్వ్ చెడినవారూ మనలో చాలామందే ఉన్నారు. వారి సంగతి కొంత వేరు, మరోసారి రాస్తాను.

ఈ జబ్బు మూడు రకాలుగా బయటపడుతుంది. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవటం. వీటిని ఇంట్లో అందరూ "పెద్దతనం కదా" అని సరిపెట్టుకుంటారు. రోగి కూడా తనకు తెలియకుండానే నడక తగ్గించుకుని "నాకేం, బాగానే ఉన్నాను" అంటాడు. అందుకని నేను ఆయాసం ఉందా అని అడగను. కిందటి సంక్రాంతికి గుడిదాకా నడిచారా, ఇప్పుడు నడవగలరా అని అడుగుతాను. అప్పుడు నిజం బయటికొస్తుంది.

బాధలు మొదలయ్యాక ఈ జబ్బు ఆగదు. 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ అనే అమెరికా డాక్టర్లు ప్రకటించిన లెక్క ప్రకారం, ఆపరేషన్ లేకపోతే ఛాతీనొప్పి వచ్చినవారు సగటున 5 ఏళ్ళు, స్పృహ తప్పినవారు 3 ఏళ్ళు, గుండె బలహీనపడి ఆయాసం వచ్చినవారు 2 ఏళ్ళు బతుకుతారు. మందులతో సున్నం కరగదు. కొలెస్టరాల్ బిళ్ళలతో ప్రయత్నించి చూశారు, కవాటం విషయంలో ప్రయోజనం కనబడలేదు. బెలూనుతో సాగదీస్తే ఆ తెరిపి కొన్ని నెలలే. బాధలు బొత్తిగా లేనివారు మాత్రం గాభరా పడకుండా, డాక్టరు చెప్పిన గడువుకు ఎకో పరీక్ష చేయించుకుంటూ ఆగవచ్చు. అయితే కొందరికి ముందే మార్చటం మేలని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి కనుక ఆ మాట కూడా డాక్టరునడగండి.

ఇక ఖర్చు. ఛాతీ ఎముక కోసి, గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద పెట్టి చేసే ఆపరేషన్‌కు ప్రైవేటు ఆసుపత్రుల్లో సుమారు 3 నుంచి 6 లక్షలవుతుంది. తొడ రక్తనాళం గుండా గొట్టం పంపి కవాటం అమర్చే పద్ధతికి 15 లక్షలకు అటూఇటూ మొదలై 25 లక్షలు దాటే సందర్భాలూ ఉన్నాయి. ఊరినీ, ఆసుపత్రినీ, వాల్వునూ బట్టి ఇవి మారతాయి. కాని బిల్లులో కనబడని ఖర్చు వేరే ఉంది. అది మీరు ఎంచుకునే వాల్వును బట్టి ఉంటుంది.

లోహమూ, కార్బనూ వాడి చేసిన వాల్వు అరగదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారై 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు ఈ జాతిదే. చవక కూడా. అయితే దాని మీద నెత్తురు గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ బిళ్ళ వేసుకోవాలి. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తరచు చేయించి మోతాదు సరిచూడాలి. మోతాదు ఎక్కువైతే నెత్తురు కారుతుంది, తక్కువైతే వాల్వు బిగుసుకుపోవచ్చు. కొత్తగా వచ్చిన ఖరీదైన రక్తం పలచబరిచే బిళ్ళలు ఈ వాల్వుకు పనికిరావు. గోంగూర, తోటకూర మానెయ్యనక్కర్లేదు గాని, ఒకవారం రోజూ తిని మరోవారం అసలు ముట్టకుండా ఉండటం పనికిరాదు. మోకాళ్ళనొప్పికి ఆర్.ఎం.పి. ఇచ్చే బిళ్ళ ప్రమాదం. స్నానాలగదిలో జారిపడి తలకు దెబ్బ తగిలితే మరీ ప్రమాదం. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటే ఆ పరీక్షకు ముసలాయన్ను పట్టణానికి ఎవరు తీసుకువెళతారు? కొనేటప్పుడు చవకైన ఈ వాల్వు కొన్ని ఇళ్ళకు చాలా ఖరీదు పడుతుంది.

అంచేతనే 65 దాటినవారికి సాధారణంగా పంది వాల్వుతోనో, ఆవు గుండెపొరతోనో చేసిన వాల్వు పెడతారు. చాలామందికి కొన్ని నెలల తరువాత ఆస్పిరిన్‌తో సరిపోతుంది. పది పదిహేనేళ్ళు మన్నుతుంది, ముసలివారిలో అరుగుదల మరింత నెమ్మది. ఆవు అనగానే కొందరికి మనసొప్పదు. ఆ మాట ఆపరేషన్‌కు ముందే సర్జన్‌తో చెప్పండి, తప్పులేదు. తొడ నుంచి పెట్టేవీ జంతుపొరతో చేసినవే.

ఆ తొడ పద్ధతిని ఫ్రాన్సులోని రూవాన్‌లో అలెన్ క్రిబియే 2002లో మొదలుపెట్టాడు. కోత లేదు, ఒకటి రెండు రోజుల్లో లేచి నడుస్తారు. ఎనభై దాటినవారికీ, ఊపిరితిత్తులో కిడ్నీలో బలహీనమై పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనివారికీ ఇదే మంచి దారి. 65, 80 మధ్యవారికి రెండూ చెల్లుతాయి. ఖరీదు ఎక్కువ గనక మేలు కూడా ఎక్కువనుకోకండి. కొందరికి తరువాత పేస్‌మేకర్ అవసరమవుతుంది, ఆ అవసరం ఛాతీ తెరిచి చేసిన వారికన్నా ఎక్కువ. మా ఓ.పి.కి వచ్చిన 71 ఏళ్ళ రిటైర్డు మాస్టారి కొడుకులు తొడ పద్ధతికని ఎకరం పొలం బేరం పెట్టారు. ఆంజియోగ్రాంలో రెండు రక్తనాళాలు మూసుకుపోయి కనబడ్డాయి. మిగతా ఒళ్ళు గట్టిది. బైపాసూ, జంతుపొర వాల్వూ ఒకేసారి ప్రభుత్వ పథకం కింద చేయించారు. పొలం మిగిలింది. ఆపరేషన్‌కు ముందు ఆయన్ను ఎవరూ అడగని ప్రశ్న నేనడిగాను, మీకేం కావాలని. "గట్టు మీద నడవాలి, అంతే" అన్నారు.

పక్షవాతంతో మంచాన పడ్డవారికీ, మతి బాగా పోయినవారికీ, క్యాన్సర్ ముదిరి ఏడాది కూడా కష్టమన్నవారికీ కొత్త వాల్వుతో ఒరిగేది లేదు. ఒంట్లో నీరు తగ్గించే మందులతో ఆయాసం ఉపశమింపజేసి ఇంట్లోనే ఉంచటమూ వైద్యమే. అప్పు చెయ్యలేదని పిల్లలు కుమిలిపోనక్కర్లేదు.

డబ్బు కట్టేముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి తెలుగు నాట ఎందరో పేదలకు ఇలాంటి ఆపరేషన్లు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ప్యాకేజీలో ఏ వాల్వు వస్తుందో, తేడా ఉంటే ఎవరు కట్టాలో కాగితం మీద రాయించుకోండి. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం.

ఆపరేషన్‌కు ముందు పళ్ళ డాక్టరుకు నోరు చూపించి పుచ్చుపళ్ళు బాగుచేయించుకోండి. పంటి చీము నుంచి సూక్ష్మజీవులు నెత్తుట్లో కలిసి కొత్త వాల్వును పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. తరువాత ఎప్పుడు పన్ను పీకించుకోవలసి వచ్చినా, వాల్వు ఉందని ముందే చెప్పి యాంటిబయాటిక్ వేయించుకోవాలి.