ఖబరస్తాన్ సంరక్షణ - మన బాధ్యత

'ఖబర్' అరబీ పదం. 'స్తాన్' పారసీ ప్రత్యయం. మన 'స్థానా'నికి దగ్గరి చుట్టం. హైదరాబాదు పడమటి అంచున నేడు ఆ స్థానమే ప్రశ్నగా మారింది.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు కొండాపూర్, రాయదుర్గం, మణికొండ బండరాళ్ల నడుమ పల్లెలు. అటువంటి పల్లెల్లో ముస్లిం కుటుంబాలు ఊరి అంచున తమవారిని ఖననం చేసుకొనేవి. హద్దులు అందరికీ తెలుసు గనుక కాగితం అవసరమని తోచేది కాదు. తరువాత భూమికి ధర వచ్చింది. హద్దులెరిగిన పెద్దలు ఆ హద్దుల లోపలే ఖననమయ్యారు.

'వక్ఫ్' అనగా నిలిపివేయుట; భూమిని అమ్మకం నుండి, పంపకం నుండి నిలిపి దైవమార్గంలో ఉంచుట. అయితే న్యాయస్థానంలో నిలిచేది ఆధారమే. హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినదని 2006లో వక్ఫ్ బోర్డు ప్రకటించిన మణికొండ జాగీరు భూమి, 1654 ఎకరాల పైచిలుకు, ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిరకాల వాడుకను బట్టి వక్ఫ్‌గా గుర్తించే నిబంధనను 2025 చట్టసవరణ ఇకముందుకు తొలగించింది. అంతకుముందే నమోదైనవి, వివాదంలో గాని ప్రభుత్వ భూమిలో గాని లేనట్లయితే, కొనసాగుతాయి. కనుక మీ ఖబరస్తాన్ నమోదై ఉన్నదా అని ముందుగా విచారించండి.

ఇక రెండవ పని మన చేతుల్లోనిది. ఖననం ఫర్జె కిఫాయా: కొందరు చేస్తే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ చేయకుంటే అందరూ దోషులే. స్థలమే లేకుంటే ఆ విధి నెరవేరేదెలా? సర్కారు తుమ్మ నరకడం, వాననీటికి దారి తీయడం, ప్రహరీ నిలబెట్టడం వారానికొక ఉదయం నలుగురు పూనుకుంటే జరిగే పనులే.

వీటితోపాటు ఒక రిజిస్టరు ఉండాలి. ఖబరుపై గచ్చు కట్టడాన్ని హదీసు వారించింది. మట్టి ఖబరు కొన్ని వానలకే నేలతో కలిసిపోతుంది. పార్థివ శరీరం పూర్తిగా మట్టియైన పిదప అక్కడే మరొకరిని ఖననం చేయవచ్చునని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. పేరు, తేదీ, వరుస వ్రాసి ఉంచకుంటే, ఏది పాతదో ఏది కొత్తదో గోర్కన్‌కు ఎలా తెలుస్తుంది?

మస్జిదు ఊడ్చే ఒకరు మరణిస్తే, అది చిన్న విషయమనుకొని సహచరులు దైవప్రవక్త (సఅసం)కు తెలుపలేదు. ఆయన ఆ ఖబరు ఎక్కడున్నదో అడిగి, అక్కడికి వెళ్లి జనాజా నమాజు చేశారు. ఆనాడు అడిగితే చూపగలవారున్నారు. మన ఖబరస్తాన్‌లో ఎవరైనా అడిగితే మనం చూపగలమా?