నిచ్చెన పోయి కడ్డీ మిగిలింది

విశాఖలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న పార్కులో ఈమధ్య కొత్త దీపస్తంభాలు పాతారు. నల్లటి ఒళ్లు, అక్కడక్కడా బంగారు గీత, పైన నాలుగు పలకల లాంతరు, లాంతరు నెత్తిన చిన్న కిరీటం. మెడ దగ్గర అటు జానెడు, ఇటు జానెడు ఒక అడ్డకడ్డీ. దీపం వెలగడం లేదని బాగుచేయడానికి ఎక్కిన లైన్‌మన్‌ని అడిగాను, "ఈ కడ్డీ ఎందుకు బాబూ?" అని.

"డిజైనండి" అన్నాడు, పనిముట్ల సంచి దానికే తగిలిస్తూ.

అతని తప్పేం లేదు. స్తంభం అమ్మినవాళ్లకీ, కొన్నవాళ్లకీ కూడా అది డిజైనే. కానీ ఒకప్పుడు ఆ కడ్డీ లేకపోతే ఊళ్లో దీపం వెలిగేది కాదు. సాయంత్రమయ్యేసరికి దీపాలు ముట్టించేవాడు నిచ్చెన భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేవాడు. నున్నటి గుండ్రటి స్తంభానికి నిచ్చెన ఆనిస్తే పక్కకి జారిపోతుంది. అందుకని మెడ దగ్గర అడ్డంగా కడ్డీ బిగించారు. గ్యాసు పోయింది, ముట్టించేవాడు పోయాడు, నిచ్చెనా పోయింది. కడ్డీ మాత్రం కేటలాగుల్లో బతికేస్తోంది.

అలంకార దీపస్తంభాన్ని పైనుంచి కిందిదాకా గీకి చూస్తే ఇలాంటి పాత ఉద్యోగాలు చాలానే బయటపడతాయి. అసలు ఆ స్తంభం పుట్టుకే ఒక గొట్టం కోసం. 1667లో పారిస్ పోలీసు అధికారి లా రేనీ వీధి దీపాలు పెట్టించినప్పుడు అవి రోడ్డుకు అడ్డంగా కట్టిన తాళ్లకు వేలాడే లాంతర్లు. దించి కొవ్వొత్తి పెట్టి మళ్లీ పైకి లాగేవారు. తర్వాత నూనె దీపాలు వచ్చాయి. తాడో, గోడకు కొక్కెమో ఉంటే వాటికి సరిపోయేది. 1792లో విలియం మర్డాక్ ఇంగ్లండులోని రెడ్రూత్‌లో బొగ్గును మూసిన పాత్రలో వేడిచేసి, వచ్చిన గ్యాసుతో తన ఇంట్లో దీపం వెలిగించాడు. 1807 జనవరిలో జర్మనీ నుంచి వచ్చిన విన్సర్ అనే హడావుడి మనిషి లండన్ పాల్‌మాల్ వీధిలో గ్యాసు దీపాలు వెలిగించి జనాన్ని నోరెళ్లబెట్టించాడు. 1813 చివరి రోజున వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద గ్యాసు వెలిగింది. తాడుకు వేలాడే దీపానికి గ్యాసు అందేదెలా? భూమిలోంచి గొట్టం నిటారుగా పైకి లేవాలి. ఆ గొట్టానికి తొడిగిన ఇనప చొక్కాయే వీధి దీపస్తంభం. అందుకే అది లోపల బోలు.

చొక్కా ఎందుకంత పువ్వులూ లతలతో నిండిపోయిందంటే దానికి కారణం పోత ఇనుము. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. అందులో మూడు నాలుగు శాతం కార్బన్ కలిస్తే 1200 డిగ్రీల లోపే నీళ్లలా జారుతుంది, ఇసుక అచ్చులో ప్రతి మూలకీ పారుతుంది. వడ్రంగి చెక్క మీద పువ్వు చెక్కేది ఒక్కసారే. ఆ చెక్క నమూనాను తడి ఇసుకలో అదిమి, తీసి, పోత పోస్తే పువ్వు ఇనుములో తేలుతుంది. వెయ్యో స్తంభానికి పువ్వు దాదాపు ఉచితం. పైనుంచి కిందికి దిగే నిలువు గాళ్లు పోతలో పడ్డ చిన్నచిన్న మచ్చల్ని కూడా దాచిపెట్టేవి. విక్టోరియా రాణి కాలం వాళ్లకి అలంకారం మీద మోజు ఉన్న మాట నిజమే. ఆ మోజు తీరడానికి పెద్దగా ఖర్చు కాలేదన్నది అంతకంటే నిజం.

పోత ఇనుముకి ఒక చెడ్డ గుణం ఉంది. అణిచితే ఎంతైనా భరిస్తుంది, వంచితే మాత్రం చటుక్కున విరుగుతుంది. గాలి కొట్టినప్పుడు స్తంభం మీద పడే వంపు భారం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మొదట్లోనే. అందుకని మొదలు లావుగా, గంటలాగా పోశారు. ఆ లావులో చోటు దొరికింది కాబట్టి ఒక చిన్న తలుపు పెట్టారు. ఇప్పుడు జంక్షన్ బాక్సు ఉండేది అక్కడే. ఆ తలుపు ఊడిపోయి తీగలు బయటికి వేలాడుతూ ఉండటం మన ఊళ్లలో ఎవరు చూడలేదు? వానాకాలంలో నీళ్లు నిలిచిన పార్కులో అలాంటి స్తంభాన్ని పట్టుకున్న పిల్లవాడికి ఎర్తింగ్ ఒక్కటే దిక్కు. స్తంభాలు ఎంచుకునే కమిటీలు రంగు నమూనాల మీద గంటసేపు మాట్లాడతాయి. ఆ తలుపు బోల్టు గురించి ఎవరైనా అడిగారా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

కమిటీలంటే గుర్తొచ్చింది. దీపస్తంభాల ఎంపికలో నాకు తెలిసిన అందమైన తగువు 1870లో లండన్‌లో జరిగింది. థేమ్స్ కంపు నగరం భరించలేకపోతే ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ మురుగు కాలువలు కట్టించి, వాటి మీదుగా నది ఒడ్డున విక్టోరియా ఎంబాంక్‌మెంట్ అనే గట్టు వేశాడు. గట్టు గోడ మీద దీపాలు ఎలా ఉండాలి? సింహపు పాదాలతో బాజల్‌గెట్ ఒక నమూనా ఇచ్చాడు. కోల్‌బ్రూక్‌డేల్ పోతశాల కోసం తిమొతి బట్లర్ ఇంకొకటి చేశాడు, అందులో ఇద్దరు పిల్లలు స్తంభం పైకి పాకుతుంటారు. జార్జ్ వుల్లియమీ మూడోది తెచ్చాడు: తలలు కిందికి పెట్టి స్తంభాన్ని చుట్టుకున్న రెండు చేపలు. గెలిచింది చేపలే. జనం వాటిని డాల్ఫిన్లంటారు, చేపలు ఎరిగినవాళ్లు స్టర్జన్లంటారు. ఓడిన రెండు నమూనాలకూ తర్వాత చెల్సీ వైపు గట్టు మీద చోటు దొరికింది.

ఆ చేపల స్తంభాలు చూసినన్ని దీపాలు మనిషి తన జీవితంలో చూడడు. మొదట గ్యాసు. 1878 డిసెంబరులో రష్యన్ ఇంజనీరు యాబ్లోచ్‌కోవ్ విద్యుత్ కొవ్వొత్తులు వచ్చాయి. రెండు కార్బన్ కడ్డీలు పక్కపక్కన, మధ్యలో కరెంటును అడ్డుకునే పొర, కొసల మధ్య ఎగిరే నిప్పు వెలుగు. కడ్డీలు రెండూ సమానంగా తరగాలని దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు వాడేవారు. చేపల తల మీద ఆ వెలుగు ఆరేళ్లు కూడా నిలవలేదు. ఖర్చు ఎక్కువైంది, 1884లో గట్టు మళ్లీ గ్యాసుకే తిరిగింది. అలా విద్యుత్తును ఒకసారి చూసి వెనక్కి పంపిన గ్యాసుకి మరికొన్నేళ్ల ఆయుష్షు పోసినవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్. 1885లో ఆయన పేటెంటు తీసుకున్నది మాంటిల్ అనే జల్లెడ గుడ్డ మీద. 1891 నాటికి 99 శాతం థోరియం ఆక్సైడు, ఒక శాతం సీరియం ఆక్సైడు అనే పాళ్లు కుదిరాయి. మంటలో ఆ జల్లెడ గుడ్డ తెల్లగా కాగి వెలుగుతుంది. మా చిన్నప్పుడు పెళ్లి ఊరేగింపులో నెత్తిన పెట్టుకుని నడిచే పెట్రోమాక్స్ లైట్లలో, ముట్టుకుంటే బూడిదై రాలే ఆ సంచి ఇదే. దానికి కావలసిన థోరియం మోనజైట్ ఇసుకలో దొరికేది. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త షోంబెర్గ్ తిరువాన్కూరు తీరపు ఇసుకలో దాన్ని కనిపెట్టాడు. మా భీమునిపట్నం ఇసుకలోనూ మోనజైట్ ఉంది.

స్తంభాల ఎంపికకు తిరిగి వస్తే, బార్సిలోనాలో కథ ఇంకోలా నడిచింది. 1878లో అప్పుడే చదువు ముగించుకున్న వాస్తుశిల్పి గౌడీకి నగరం ఇచ్చిన పని దీపస్తంభాలు చేయడం. ఆరు చేతులు, పైన మెర్క్యురీ దేవుడి రెక్కల టోపీ, ఒంటి చుట్టూ పాములు. 1879లో ప్లాసా రియాల్‌లో నిలబెట్టారు. ఆ తర్వాత మూడు చేతులవి ఇంకోచోట పెట్టారు. అంతకుమించి నగరమంతా పాకలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో సోడియం దీపం వచ్చి స్తంభాన్ని పీకి పొడుగు చేసింది. దీని వెనక లెక్క ఒకటే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. గ్యాసు వెలుగు బలహీనం, అందుకే లాంతరు సుమారు రెండు నిలువుల ఎత్తులోనే ఉండేది. బలమైన దీపం వచ్చాక ఎనిమిది, పది మీటర్ల పైకి ఎత్తేసి స్తంభాల మధ్య దూరం పెంచొచ్చు. స్తంభాలు తక్కువ, ఖర్చు తక్కువ, కారుకి హాయి. నడిచేవాడికి మాత్రం ఎదురొచ్చే మనిషి ముఖం కనిపించడం మానేసింది. చెట్టు కొమ్మలు దీపానికి కిందే ఉండిపోతే వెలుగు ఆకుల మీద ఆగిపోయింది. పార్కుల్లో, కాలిబాటల పక్కన మూడు నాలుగు మీటర్ల పొట్టి స్తంభాలు మళ్లీ కావాలనిపించడానికి కారణం ఇదే. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద గ్రానైటు కాలిబాటతో పాటు పాతకాలపు పోకడ స్తంభాలు వచ్చాయి. అక్కడ నడిచేవాళ్లు ఎక్కువ కాబట్టి పొట్టి స్తంభం సరైన మాటే.

చిక్కు పొట్టితనంలో లేదు, తలలో ఉంది. పాలరంగు గుండు గ్లోబు ఉన్న దీపాన్ని చూడండి. వెలుగు అన్ని వైపులా సమానంగా పోతే సగం నేరుగా ఆకాశానికి పోతున్నట్టే. కరెంటు బిల్లు కట్టి చుక్కల్ని చెరిపేస్తున్నాం. 2021లో ఇంగ్లండులో లెక్క తీస్తే వీధి దీపాలున్న కంచెల్లో చిమ్మట గొంగళిపురుగులు 47 శాతం తక్కువగా కనిపించాయి. పైన రేకు మూత ఉండి వెలుగు కిందికే దిగే లాంతరు చూడటానికి అంత ముద్దుగా ఉండదు, కానీ పార్కుకి కావలసింది అదే. వెలుగు రంగును కొలిచే లెక్కలో 3000 కెల్విన్‌కి మించని పసుపుదనం చాలు. హుద్‌హుద్ తుపాను తర్వాత మా విశాఖలో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి. కరెంటు బాగా ఆదా అయింది. ఆ చల్లటి తెలుపు కింద మాత్రం అందరి ముఖాలూ జ్వరపడినట్టే ఉంటాయి.

ఇంతకీ మా పార్కు దీపం ఎందుకు ఆరింది? "డ్రైవర్ పోయిందండి. ఈ స్తంభానికి మూడోసారి" అన్నాడు లైన్‌మన్. కరెంటును ఎల్‌ఈడీకి పనికొచ్చేలా మార్చే చిన్న పెట్టె డ్రైవర్. దానిలోని కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. లాంతరు నెత్తి మీద కిరీటం అన్నానే, అది పాత గ్యాసు లాంతరులో చిమ్నీ. వేడి గాలి, పొగ బయటికి పోయేది దానిలోంచే. మా స్తంభం మీద ఉన్నది బిగించి మూసేసిన బొమ్మ కిరీటం. కింద ఎల్‌ఈడీ ఉడుకుతోంది, పైన కిరీటం మెరుస్తోంది.

మాది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి తుప్పు, గాలి రెండూ లెక్కలోకి రావాలి. తుప్పుకి జింకు పూత వేసిన ఉక్కు గానీ, పోత అల్యూమినియం గానీ ఉన్నాయి. గాలి సంగతి వేరు. భారత ప్రమాణాల ప్రకారం కట్టడాలకు తీసుకునే గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకు 44 మీటర్లు, విశాఖకి 50. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక మా స్తంభం సుమారు 30 శాతం ఎక్కువ తోపు తట్టుకోవాలి. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో తోస్తుంది. సన్నటి గుండ్రటి స్తంభం మీద ఆ గాలి చాలావరకు జారిపోతుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఫ్లెక్సీ కట్టారనుకోండి, జారే మాటే లేదు. వేసవి వానకు ముందొచ్చే 72 కిలోమీటర్ల ఈదురుగాలి చాలు, నలభై కిలోల బరువుతో మెడ దగ్గర తోస్తూ మొదట్లో బోల్టుల్ని పీకుతుంది. స్తంభం కొనేటప్పుడు తయారీదారు లెక్కకట్టేది స్తంభానికి, లాంతరుకు. ఫ్లెక్సీని ఎవరూ లెక్కకట్టరు.

మొన్న ఆదివారం వాకింగుకి వెళ్తే దీపం వెలుగుతోంది, కొత్త డ్రైవర్ వేసినట్టున్నారు. దాని కింద మా వార్డు నాయకుడికి జన్మదిన శుభాకాంక్షలు. ఫ్లెక్సీ పై రెండు కొసలూ ఆ అడ్డకడ్డీ రెండు చివరలకూ కట్టారు, కొలిచినట్టు కుదిరింది.