విశాఖ వెళ్తున్నారా? ఓడల వైపు కూడా ఓ చూపు వేయండి!

విశాఖపట్నం అనగానే మీకేం గుర్తొస్తుంది? ఆర్కే బీచ్, రుషికొండ, కైలాసగిరి, అట్నుంచటే అరకు. ఫ్రెండ్స్‌తో రెండ్రోజుల ట్రిప్పు వేస్తే లిస్టు ఇక్కడితో అయిపోతుంది. మరి ఈ నగరానికి అన్నం పెడుతున్న హార్బర్ సంగతి? ఇంటరో, ఐటీఐనో, డిగ్రీనో చదువుతూ ‘తర్వాతేంటి’ అని ఆలోచిస్తున్నట్లయితే ఈసారి ఒక రోజు దానికి కేటాయించండి. సిటీ బస్సు చార్జీలు చాలు.

తెల్లారేసరికి జెట్టీ దగ్గర

అలారం పెట్టుకుని మరీ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. వేట ముగించుకొచ్చిన మరబోట్ల నుంచి వంజరం, చందువ, కానాగంతలు, రొయ్యలు దిగుతుంటాయి. పక్కనే వేలంపాట. ‘ఏటి బాబూ, ఏటి కావాల?’ అని పలకరించే అమ్మల చేతుల్లోనే బేరమంతా. ఫోన్‌తో ఫొటో తీసేముందు ఒక మాట అడగండి. సరంగు, కళాసీలు, ఇంజిన్ మెకానిక్, వల బాగుచేసేవాళ్లు, ఐస్ మోసేవాళ్లు, ఎగుమతిదారు... ఒక్క బోటు మీద ఎంతమంది బతుకుతున్నారో లెక్కపెట్టి చూడండి. 2023 నవంబరులో ఇక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు ఆ ఇళ్లన్నీ ఒక్క రాత్రిలో వీధిన పడ్డంత పనైంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అప్పుడు వెళ్తే కట్టేసిన బోట్లే కనిపిస్తాయి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘సిఫ్‌నెట్’కి విశాఖలో యూనిట్ ఉంది. పదో తరగతి అర్హతతో రెండేళ్ల వెసెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు నేర్పుతుంది. చాలామందికి ఈ పేరే తెలీదు.

కొండ చాటున రేవు

సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఆ కొండే డాల్ఫిన్ నోస్. అలలకు, గాలులకు అడ్డు నిలిచి రేవును కాపాడేది అదే. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ రాకతో లోపలి హార్బర్ తెరుచుకుంది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు. బయటి హార్బర్ 1976లో వచ్చింది. అన్నట్టు, మీరు అరకు వెళ్లే రైలు పట్టాలు టూరిస్టుల కోసం వేసినవి కావు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని ఈ రేవుకు చేర్చి జపాన్ పంపేందుకు 1960ల్లో వేశారు.

పక్కనే సింధియా. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో మొదలుపెట్టిన సింధియా షిప్‌యార్డ్ పేరే ఆ ఏరియాకు మిగిలిపోయింది. 1948 మార్చిలో ఇక్కడ తయారైన ‘జల ఉష’ ఓడను నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఇప్పుడది హిందుస్థాన్ షిప్‌యార్డ్. రేవులోకి, యార్డులోకి ఎవరినంటే వాళ్లను రానివ్వరు. కాలేజీ తరఫున ముందే అనుమతి అడిగితే మంచిది. ఒక్కరే వెళ్తే రాస్‌హిల్ ఎక్కి చూడండి. హార్బర్ ముఖద్వారం కళ్లముందుంటుంది.

సాయంత్రం బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి వెళ్లండి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసింది. 91 మీటర్ల ఆ గొట్టంలో దాదాపు 75 మంది ఎలా ఉండేవారో చూశాక, నేవీ ఉద్యోగమంటే తెల్ల యూనిఫామ్ ఒక్కటే కాదని అర్థమవుతుంది.

ఉక్కు చెప్పే పాఠం

కూర్మన్నపాలెం మీదుగా వెళ్తే స్టీల్‌ప్లాంట్. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ రోడ్డెక్కింది ఎక్కువగా మీ వయసు విద్యార్థులే. 32 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమ చరిత్ర చెబుతుంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు ఓకే చెప్పడంతో కార్మికులు మళ్లీ పోరుబాట పట్టారు. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ‘ప్లాంటులో ఉద్యోగమొస్తే లైఫ్ సెటిల్’ అన్న పాత ధీమా ఇప్పుడు చాలదు. వెల్డింగ్, ఫిట్టర్, ఎలక్ట్రికల్... మీ చేతిలోని పని ఏదైనా, ఆ గేటు బయట కూడా చెల్లేలా నేర్చుకోండి.

దీవుల దాకా వెళ్తారా?

విశాఖ నుంచి అండమాన్‌కు ప్రయాణికుల ఓడ ఉంటుందని తెలుసా? దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. రోజూ ఉండదు కాబట్టి తేదీలు ముందే కనుక్కోవాలి. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అక్కడ దిగాక తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామందే ఉన్నారు. ఓడ ఉద్యోగం మీద మోజుంటే ఆ రెండున్నర రోజులే అసలు పరీక్ష. కడుపులో తిప్పుతుంది, సిగ్నల్ ఉండదు, చుట్టూ నీళ్లే. అప్పటికీ ఇష్టం పోకపోతే ముందుకెళ్లండి.

డబ్బు కట్టేముందు...

ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ సబ్బవరం దగ్గరుంది. ఓడల డిజైన్‌కు సంబంధించిన బీటెక్ అక్కడ చదవొచ్చు. ప్రవేశం ఐఎంయూ సెట్ ద్వారా. డెక్ వైపు వెళ్లాలంటే కళ్లజోడు లేకుండానే చూపు బాగుండాలి, రంగులు సరిగ్గా గుర్తించాలి. ఇంజిన్ వైపు పరిమితి మేరకు కళ్లజోడును ఒప్పుకుంటారు. అందుకే ఫీజుకన్నా ముందు కంటి పరీక్ష.

ఇంకో ముఖ్యమైన మాట. ‘లక్షలు కట్టు తమ్ముడూ, నెలలో ఓడెక్కిస్తా’ అనే ఏజెంట్లు ఎదురవుతారు. నావికుల్ని ఉద్యోగంలో పెట్టే సంస్థకు డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ లైసెన్స్ తప్పనిసరి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదని నిబంధనే ఉంది. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరుందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. పేరు లేకపోతే రూపాయి కూడా ఇవ్వకండి. అమ్మానాన్నలు పొలం తాకట్టు పెట్టకముందే చేయాల్సిన పని ఇది.