అందరికీ ఒక ఘట్టం
1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుండి ఆడే పాత్రధారణ క్రీడ. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు; నిర్వాహకుడు సూత్రధారివలె కథను నడుపుతాడు. తొలినాటి నియమాలలో ప్రథమస్థాయి మాంత్రికునికి దినానికి ఒకే మంత్రం. దానిని ప్రయోగించిన పిదప అతడు దాదాపు ప్రేక్షకుడే! యోధుడు మాత్రం ప్రతి పోరులోనూ ఖడ్గం ఝళిపిస్తూనే ఉంటాడు. గంటల తరబడి మౌనంగా కూర్చున్న ఆటగాడు మరుసటి ఆటకు రాకపోవడంలో వింత లేదు.

కనుక వివేకవంతుడైన సూత్రధారి ప్రతి పాత్ర శక్తినీ ముందుగా గుర్తించి ఘట్టాలను కల్పిస్తాడు. పురోహితుడు మాత్రమే తరుమగల ప్రేతాలు ఎదురవుతాయి. 1975లో చేరిన చోర పాత్రకై తాళం వేసిన ద్వారం కనబడుతుంది. అక్కడ ఖడ్గం కంటె నేర్పుగల వేళ్ళే మిన్న. అయితే ప్రతి ద్వారానికీ తాళం వేయరాదు; అప్పుడు చోరుడొక్కడే నాయకుడవుతాడు.