రేకీ అంటే ఏమిటి? చేతుల స్పర్శ ఎక్కడి వరకు పనిచేస్తుంది?

యోగా, ధ్యానం, ఆక్యుపంక్చర్ బోర్డుల పక్కన ఈ మధ్య రేకీ అనే పేరు కూడా కనిపిస్తోంది. కొందరు టెన్షన్ తగ్గించుకోవడానికి వెళ్తున్నారు. కొందరు నిద్ర పట్టక వెళ్తున్నారు. ఇంకొందరు మాత్రం షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బులు తగ్గిపోతాయన్న ఆశతో వెళ్తున్నారు. మొదటి రెండు రకాల వాళ్లకు రేకీ కొంత ఊరట ఇవ్వొచ్చు. మూడో రకం వాళ్లు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. అసలు రేకీ అంటే ఏంటి, ఎక్కడి నుంచి వచ్చింది, దాని నుంచి ఏం ఆశించవచ్చు, ఏం ఆశించకూడదు అనేది ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

పేరుకు అర్థం ఏంటి?

రేకీ జపాన్ భాష పదం. ఇందులో రెండు మాటలు ఉన్నాయి. ‘రే’ అంటే ఆత్మకు సంబంధించినది, కంటికి కనిపించనిది. ‘కీ’ అంటే ప్రాణశక్తి. యోగాలో ప్రాణం అంటారే, చైనా వాళ్లు చీ అంటారే, అలాంటి భావనే ఇది. మనిషిలో ఈ శక్తి సాఫీగా ప్రవహిస్తే ఆరోగ్యంగా ఉంటాడని, ఎక్కడైనా తగ్గినా ఆగిపోయినా జబ్బు పడతాడని, నేర్చుకున్న వాళ్లు చేతుల ద్వారా ఆ శక్తిని అందించవచ్చని రేకీ చేసేవారు నమ్ముతారు. ఇది వాళ్ల నమ్మకం. అలాంటి శక్తిని ఇప్పటివరకు ఏ పరికరంతోనూ కొలిచి చూపించలేదు. ఈ తేడా గుర్తుంటే మిగతా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

ఎక్కడ పుట్టింది?

రేకీని మొదలుపెట్టిన వ్యక్తి మికావో ఉసుయి. 1865లో జపాన్‌లోని గిఫు ప్రాంతంలో పుట్టారు. 1922లో క్యోటో దగ్గర ఉన్న కురామా కొండ మీద ఉపవాసం, ధ్యానం చేస్తూ 21 రోజులు గడిపారని, అక్కడే తనకు ఈ అనుభవం కలిగిందని ఆయన శిష్యులు చెబుతారు. అదే సంవత్సరం టోక్యోలో కేంద్రం తెరిచి నేర్పడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది, అంటే 1923 సెప్టెంబర్ 1న టోక్యో ప్రాంతంలో మహా భూకంపం వచ్చి లక్ష మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో ఉసుయి బాధితుల మధ్య తిరిగి సేవ చేశారని ఆయన స్మారక శిల మీద రాసి ఉంది. 1926లో ఆయన కన్నుమూశారు.

ఆయన దగ్గర నేర్చుకున్న వారిలో చుజిరో హయాషి ఒకరు. జపాన్ నౌకాదళంలో పనిచేసిన వ్యక్తి. శరీరం మీద ఏ చోట చేతులు పెట్టాలి అనే పద్ధతిని ఒక క్రమంలో పెట్టింది ఎక్కువగా ఆయనే. టోక్యోలో ఆయన క్లినిక్ నడిపేవారు.

1935లో ఆ క్లినిక్‌కు ఒక మహిళ వచ్చారు. పేరు హవాయో తకాతా. జపాన్ నుంచి హవాయి దీవులకు వలస వెళ్లిన కూలీల కుటుంబంలో పుట్టారు. జబ్బుతో వచ్చి, తర్వాత అక్కడే నేర్చుకుని, రేకీని హవాయికి తీసుకెళ్లారు. 1980లో చనిపోయే లోపు ఆమె 22 మందిని మాస్టర్లుగా తయారు చేశారు. ప్రపంచమంతా రేకీ ఎక్కువగా పాకింది ఆ 22 మంది నుంచే. మాస్టర్ స్థాయికి ఆమె తీసుకున్న ఫీజు 10,000 డాలర్లు. రేకీలో డబ్బు సంగతి ఈ మధ్య మొదలైంది కాదన్నమాట.

ఉసుయి ఒక క్రైస్తవ కాలేజీ ప్రిన్సిపాల్ అని, చికాగోలో చదివారని తకాతా చెప్పేవారు. తర్వాత వెతికినవాళ్లకు ఆ విద్యాసంస్థల రికార్డుల్లో ఆయన పేరు దొరకలేదు. కాబట్టి రేకీ చరిత్ర పేరుతో వినిపించే ప్రతి మాటనూ అలాగే తీసుకోనక్కర్లేదు.

సెషన్‌లో ఏం చేస్తారు?

చాలా సాదాగా ఉంటుంది. వచ్చిన వ్యక్తి మామూలు బట్టలతోనే పడుకుంటారు, లేదా కుర్చీలో కూర్చుంటారు. బట్టలు తీయాల్సిన పని ఏ దశలోనూ లేదు. రేకీ ఇచ్చేవారు తల, భుజాలు, కడుపు, మోకాళ్లు, పాదాల దగ్గర చేతులు మెల్లగా ఆనిస్తారు, లేదా కాస్త పైన ఉంచుతారు. ఒక్కో చోట కొన్ని నిమిషాలు. నొక్కడం, రుద్దడం, మసాజ్ ఉండవు. మందులు ఇవ్వరు. మొత్తం ఒక గంట అటూ ఇటూ పడుతుంది. కొందరికి వెచ్చగా అనిపిస్తుంది, కొందరికి జివ్వుమంటుంది, చాలామందికి నిద్ర ముంచుకొస్తుంది.

నేర్చుకోవడంలో మూడు స్థాయిలు ఉంటాయి. మొదటి స్థాయిలో తనకు, ఇంట్లో వాళ్లకు చేసుకోవడం నేర్పుతారు. రెండో స్థాయిలో కొన్ని గుర్తులు, దూరం నుంచి రేకీ పంపడం నేర్పుతారు. మూడోది మాస్టర్ స్థాయి. మొదటి స్థాయి ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. దీనితో పాటు ఉసుయి ఐదు నియమాలు కూడా చెప్పారు. కోపం వదలడం, దిగులు వదలడం, కృతజ్ఞతగా ఉండడం, పనిలో శ్రద్ధ పెట్టడం, అందరితో దయగా మెలగడం. జీవితమంతా అని కాకుండా ఈ ఒక్కరోజుకు పాటించమంటారు. ఏ మతం వాళ్లయినా, రేకీ మీద నమ్మకం లేనివాళ్లయినా వీటిని కాదనలేరు.

మరి హాయిగా ఎందుకు అనిపిస్తుంది?

ఒక గంట సేపు ఫోన్ మోగకుండా, ఎవరూ పిలవకుండా, కళ్లు మూసుకుని పడుకోవడం మనలో ఎంతమందికి దొరుకుతోంది? పైగా పక్కన ఒక మనిషి పూర్తిగా మన మీదే ధ్యాస పెట్టి కూర్చుంటారు. అలా ఉన్నప్పుడు ఊపిరి నెమ్మదిస్తుంది, గుండె వేగం తగ్గుతుంది, కండరాలు సడలుతాయి. అమెరికాలో హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1970ల్లోనే దీని గురించి రాశారు. ప్రశాంతంగా కూర్చుని ఊపిరి మీదో, ఒక మాట మీదో మనసు నిలిపితే శరీరం దానంతట అదే విశ్రాంతి దశలోకి వెళ్తుందని చెప్పారు. అంటే రేకీలో కలిగే హాయి ఉత్త భ్రమ అనుకోనక్కర్లేదు. ఆ హాయికి కారణం ఏంటన్నదే ప్రశ్న.

పరీక్షల్లో ఏం తేలింది?

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన ఒక పరిశీలన 2011లో అమెరికాలో ప్రచురితమైంది. కీమోథెరపీ తీసుకుంటున్న 189 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి అసలైన రేకీ ఇచ్చారు. రెండో భాగానికి ఉత్తుత్తి రేకీ, అంటే చూడ్డానికి అలాగే చేతులు పెట్టారు. మూడో భాగానికి మామూలు వైద్యం మాత్రమే. అసలు రేకీ తీసుకున్నవాళ్లకు మామూలు వైద్యం కంటే ఎక్కువ ఊరట దొరికింది. కానీ ఉత్తుత్తి రేకీ తీసుకున్నవాళ్లకు కూడా అలాగే ఊరట దొరికింది! ఆ మందు ఎక్కుతున్నంత సేపు ఒక మనిషి పక్కన ఉండి పట్టించుకోవడమే మేలు చేసిందని పరిశీలన చేసినవాళ్లు భావించారు.

ఇంకొకటి రేకీ లాంటిదే అయిన థెరప్యూటిక్ టచ్ మీద జరిగింది. ఎమిలీ రోజా అనే అమ్మాయి తొమ్మిదేళ్ల వయసులో స్కూల్ ప్రాజెక్టుగా దీన్ని మొదలుపెట్టింది. మనుషుల చుట్టూ ఉండే శక్తిని చేతులతో పసిగట్టగలమని చెప్పే 21 మందిని తెర వెనక కూర్చోబెట్టింది. వాళ్ల కుడి చేతి పైన తన చెయ్యి ఉందా, ఎడమ చేతి పైన ఉందా అని అడిగింది. 280 సార్లు అడిగితే 44 శాతమే సరిగ్గా చెప్పారు. గుడ్డిగా చెప్పినా సగం కలుస్తాయి కదా. 1998లో ఇది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది.

ఆందోళన, డిప్రెషన్ ఉన్నవారి మీద రేకీ పరీక్షలను కాక్రేన్ సంస్థ 2015లో సమీక్షించింది. పనిచేస్తుందనో చేయదనో తేల్చడానికి చాలినంత ఆధారం లేదని చెప్పింది.

మొత్తంగా చూస్తే మనకు అర్థమయ్యేది ఇది. విశ్రాంతికి, మనసు తేలికపడడానికి రేకీ ఒక దారి కావచ్చు. జబ్బును నయం చేస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

చేతులు ఆనించడం వల్ల నష్టం ఏమీ రాదు. వేసుకోవాల్సిన మందు ఆపడం వల్లే నష్టం వస్తుంది. బీపీ, షుగర్ పెరిగినా చాలామందికి పైకి ఏమీ తెలియదు. రేకీ తర్వాత ఒళ్లు తేలిగ్గా అనిపించగానే ‘తగ్గిపోయింది’ అనుకుని మాత్రలు మానేస్తే, లోపల జరిగే నష్టం జరుగుతూనే ఉంటుంది. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. టీబీ మందులు మధ్యలో మానేస్తే ఆ మందులకు లొంగని టీబీ వచ్చే ముప్పు ఉంది. క్యాన్సర్‌లో పోయే ప్రతి నెలా విలువైనదే.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. రేకీ మొదలుపెట్టాక బాధ ఎక్కువైతే ‘లోపలి విషం బయటికి పోతోంది, భయపడకండి’ అని చెప్పేవాళ్లు ఉన్నారు. ఈ మాట నమ్మొద్దు. జ్వరం, నొప్పి, ఆయాసం పెరిగితే వెంటనే డాక్టర్‌కు చూపించాల్సిందే.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఆయుష్ కింద ఆయుర్వేదం, యోగా, నేచురోపతి, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి ఉన్నాయి. రేకీ ఆ జాబితాలో లేదు. యునానీ హకీమ్ కావాలంటే బీయూఎంఎస్ చదివి రిజిస్టర్ చేసుకోవాలి. రేకీ మాస్టర్‌కు అలాంటి ప్రభుత్వ డిగ్రీ ఏదీ లేదు. గోడ మీద ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్, నేర్పిన మాస్టర్ ఇచ్చిందే. అలాగే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఒకటి ఉంది. మంత్రం, తాయెత్తు లాంటి మహిమ గల వాటితో క్యాన్సర్, షుగర్, గుండెజబ్బు, ఫిట్స్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని అది నిషేధిస్తుంది.

మతం సంగతి ఏంటి?

రేకీ మతం కాదని నేర్పేవారు చెబుతారు. అయితే దీక్ష లాంటి తంతు, గుర్తులు, కనిపించని శక్తిని పిలవడం ఇందులో ఉన్నాయి కాబట్టి కొందరికి సందేహం రావడం సహజం. అమెరికాలోని కేథలిక్ బిషప్పులు 2009లో, తమ సంస్థల్లో రేకీ తగదని ప్రకటించారు. మన ముస్లిం కుటుంబాల్లోనూ ఇదే ప్రశ్న వస్తుంది. మనసులో సందేహం ఉన్నవాళ్లు తాము నమ్మే ఆలిమ్‌ను ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. మొహమాటంతో వెళ్లి తర్వాత బాధపడడం ఎందుకు?

వెళ్లాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి

మందులు ఆపమని చెప్పే చోట ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. ‘డాక్టర్ చెప్పినవి వాడుతూనే ఉండండి’ అనేవాళ్లే నిజాయితీగా ఉన్నట్టు లెక్క.

ఎన్ని సెషన్లు, ఒక్కోదానికి ఎంత అని ముందే అడగండి. పెద్ద ప్యాకేజీకి ఒకేసారి డబ్బు కట్టొద్దు. అప్పు చేసి అసలే వెళ్లొద్దు.

ఫోటో పంపితే దూరం నుంచి నయం చేస్తాం అంటూ వాట్సాప్‌లో డబ్బు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

ఆడవాళ్లు మహిళా ప్రాక్టీషనర్‌నే అడగవచ్చు. ఇంట్లో వాళ్లను తోడు కూర్చోబెట్టుకోవచ్చు. తాకకుండా చేతులు పైన ఉంచమని చెప్పవచ్చు. దేనికైనా ఇబ్బందిగా అనిపిస్తే మధ్యలోనే లేచి రావచ్చు.

డబ్బు పెట్టకుండా ఇంట్లోనే

విశ్రాంతి మాత్రమే కావాలంటే ఎవరి దీక్షా అక్కర్లేదు. రోజూ ఒక సమయం పెట్టుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టి, వెల్లకిలా పడుకోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి కడుపు మీద ఆనించండి. ఊపిరి పీల్చేటప్పుడు కడుపు పైకి లేవడం, వదిలేటప్పుడు కిందికి దిగడం గమనించండి. మనసు ఎటో పోతే మళ్లీ ఊపిరి దగ్గరికి తీసుకురండి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లు ఉంటే రోజూ కాసేపు వాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చోండి. కీమోథెరపీ కేంద్రంలో పనిచేసింది ఇలాంటి తోడే కావచ్చు.

ఇంత చేసినా దిగులు వదలకపోతే, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, 14416 నంబర్‌కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ టెలిమానస్ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఛాతీలో నొప్పి, మాట తడబడడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, ఆయాసం లాంటివి కనిపిస్తే ఏ సెషన్ కోసమూ ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.